దోహా నగరంలో ఒక దినం: ముత్యాలు, బాకీలు, మన మాటలు

గల్ఫ్ నగరాలను గూర్చి మన తెలుగు ముస్లిములలో రెండు అభిప్రాయాలు పాతుకొని ఉన్నాయి. అది అరబ్బుల భూమి కనుక అక్కడ కనబడే ప్రతి గుమ్మటమూ, ప్రతి మినారూ ఇస్లామీ చరిత్రకు సాక్ష్యమేనన్నది మొదటిది. అక్కడ చరిత్ర అన్నదే లేదు, చమురు బయటపడక ముందు ఇసుక, బయటపడిన తర్వాత డబ్బు, అంతేనన్నది రెండవది. మొదటి మాట ఉమ్రా ముగించుకొని వచ్చినవారి నోట ఎక్కువగా వినబడుతుంది. రెండవది కూలికి వెళ్ళి వచ్చినవారి నోట వినబడుతుంది. ఈ రెండు అభిప్రాయాలూ సరికావని తెలుసుకోవడానికి ఖతర్ రాజధాని దోహాలో ఒక్క పగలు చాలును. అయితే ఆ పగటిని ఏ ప్రశ్నతో గడుపుతామన్నదే ముఖ్యం. ఏ కట్టడం ఎంత ఎత్తు, ఎంత ఖరీదు అని కాక, ఈ సంపదకు ఎవరు మునిగారు, ఎవరు మోశారు, చివరకు ఎవరు ఎవరికి బాకీపడ్డారు అని అడిగితే ఆ నగరం వేరే నగరంగా కనబడుతుంది.

బీచుపల్లి వద్ద కృష్ణానది మీది వంతెన గద్వాల సీమను వనపర్తి సీమతో కలుపుతుంది. కర్నూలు నుండి హైదరాబాదుకు పోయే పెద్ద రహదారి అదే. పుట్టిలో ఏరు దాటిన తరం మన పెద్దలది. ఆ వంతెన మీదుగా బస్సెక్కి శంషాబాదు విమానాశ్రయానికి పోయే తరం నేటిది. గల్ఫ్ వలసలో పాలమూరు సీమ వాటా కరీంనగర్, నిజామాబాద్ సీమలంత పెద్దది కాదు. మన కూలీలు ఎక్కువగా బొంబాయికీ, పూనాకూ, దేశంలోని ఆనకట్టల పనులకూ పోయినవారు. ఐనను ఈ మూడు జిల్లాలలో, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులో, గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్ళు తక్కువేమీ కాదు. అటువంటివారి ఒక చిన్న బృందం సెలవు దినాన గైడుతో దోహా చూడ బయలుదేరినప్పుడు ఈ వ్యాసకర్త వారికి అనువాదకుడుగా వెంట ఉన్నాడు. గైడు అరబ్బీలోను, ఇంగ్లీషులోను చెప్పేవాడు. వినేవారికి తెలుగు, దక్కనీ మాత్రమే వచ్చును. ఈ వ్యాసంలోని విషయం ఆ మధ్యవర్తిత్వంలో నుండి పుట్టినది.

నిలుచున్న అంగడి

దోహా పాతపట్నపు నడిబొడ్డు సూఖ్ వాఖిఫ్. ఆ పేరుకు ‘నిలుచున్న అంగడి’ అని అర్థం. వాది ముషైరిబ్ అనే వాగు ఒడ్డున, సముద్రపు పోటు నీరు చొచ్చుకొని వచ్చేచోట, వర్తకులు కూర్చోవడానికి తావు లేక నిలబడి అమ్మేవారని, అందువల్ల ఈ పేరు వచ్చిందని చెబుతారు. 2003లో అగ్నిప్రమాదంలో ఈ బజారులో కొంతభాగం కాలిపోయింది. ఆ తర్వాత ప్రభుత్వం సిమెంటు కట్టడాలను తొలగించి, మట్టిపూతతో, కర్ర దూలాలతో పాత తీరుగా పునరుద్ధరించింది. ఎడారిలో దూలాలకు తగిన చెట్టు లేదు. తూర్పు ఆఫ్రికా తీరపు మడ అడవుల నుండి కర్రలు ఓడలలో వచ్చేవి. గల్ఫ్ ఇళ్ళ గదుల వెడల్పును చాలావరకు ఆ కర్రల పొడవే నిర్ణయించింది. బియ్యం, బట్ట, మసాలాలు, ఓడలు కట్టే టేకు మన దేశం నుండి పోయేవి. గోడకు తప్ప దేనికీ ఆ నేల చాలని కాలమది.

ఈ బజారులో చక్రాల బండ్లు తోసుకుంటూ సామాను మోసే ముసలివారు కనబడతారు. వారిని అక్కడ ‘హమ్మాలీ’ అంటారు. ఆ మాట వినగానే మా బృందంలోనివారు నవ్వుకున్నారు. గద్వాల మార్కెట్టులో బస్తాలు ఎత్తేవాడు హమాలీయే గదా! ‘హమ్ల్’ అనగా మోయుట, దాని నుండి ‘హమ్మాల్’. ఆ అరబ్బీ మాట ఫార్సీ, ఉర్దూల మీదుగా మన గంజిలోనికి వచ్చి స్థిరపడింది.

ఇది ఒక్క మాటతో ఆగే సంగతి కాదు. బాకీ, వసూలు, వాయిదా, జామీను, జప్తు: ఇవన్నీ అరబ్బీ ధాతువుల నుండి వచ్చిన మాటలే. తెలుగు రైతు తన అప్పును గూర్చి నాలుగు ముక్కలు మాట్లాడాలంటే అరబ్బీ పలకక తప్పదు. దీనికి ఎదురుగా నిలిచే సంగతి మరొకటి కలదు. 1966 వరకు ఖతర్‌లో చెలామణి అయిన నాణెం మన రూపాయి. 1959లో భారత రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకమైన నోట్లు ముద్రించింది. 1966 జూన్‌లో మన రూపాయి విలువ తగ్గించిన తర్వాతనే ఖతర్, దుబాయిలు కలిసి తమ రియాలును ప్రవేశపెట్టాయి. కనుక అరబ్బు ముత్యాల వర్తకుని లెక్క పుస్తకంలో ఉన్నది మన నాణెం, మన షావుకారు లెక్క పుస్తకంలో ఉన్నది వారి మాట. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బానిస వర్తకుని ఇల్లు

సూఖ్ వాఖిఫ్‌కు కొద్ది దూరంలో ముషైరిబ్ పేట కలదు. అక్కడ నాలుగు పాత ఇళ్ళను బాగుచేసి 2015లో మ్యూజియంలుగా తెరిచారు. వాటిలో ఒకటి బిన్ జల్మూద్ గృహం. ఒకప్పుడు బానిసల వ్యాపారి ఇల్లు అది. నేడు హిందూమహాసముద్ర తీరాల బానిసత్వ చరిత్రను చెప్పే మ్యూజియం. అరబ్బు దేశాలలో ఈ విషయానికే అంకితమైన మ్యూజియం ఇటువంటిది ఏర్పడటం సామాన్యమైన సంగతి కాదు. తూర్పు ఆఫ్రికా నుండి, బలూచిస్తాన్ నుండి, ఇతర తీరాల నుండి మనుషులను పట్టి తెచ్చి గల్ఫ్‌లో అమ్మిన తీరు, వారు ముత్యాల పడవలలోను, ఖర్జూరపు తోటలలోను, ఇళ్ళలోను చేసిన చాకిరి, వారి విముక్తి, వారి సంతతి ఖతరీ సమాజంలో కలిసిన విధం అక్కడ వరుసగా చూపబడ్డాయి. నేటి కాలపు మానవ అక్రమ రవాణా వరకు ఆ కథను తెచ్చారు.

ఖతర్‌లో బానిసత్వం చట్టరీత్యా రద్దయినది 1952లో. అప్పుడు ప్రభుత్వం యజమానులకు నష్టపరిహారం చెల్లించింది. అంతకుముందు చమురు కంపెనీలో పనిచేసిన బానిసల కూలిలో పెద్దభాగం యజమానుల చేతికే పోయేది. మనిషి పని ఒకచోట, కూలి మరొకచోట. ఈ లెక్క పాఠకులు గుర్తుంచుకొనవలెను, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇటువంటి ఇల్లు చూసినప్పుడు ముస్లిం సందర్శకుని మనసులో ఒక ఇరకాటం కలగడం సహజం. ఇస్లాం బానిస విముక్తిని గొప్ప పుణ్యకార్యంగా చేసింది. జకాత్ ధనం వెచ్చించవలసిన పద్దులలో బానిస విముక్తి ఒకటి. అనేక తప్పులకు పరిహారంగా బానిసను విడుదల చేయమని ధర్మశాస్త్రం చెప్పింది. హజ్రత్ బిలాల్ (రజి) విముక్తుడై తొలి ముఅజ్జిన్ అయ్యారు. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తన యజమానితో విముక్తి ఒప్పందం చేసుకోగా, ఆ బాకీ తీర్చడానికి దైవప్రవక్త (స), సహాబాలు సహాయపడ్డారు. ఇవన్నీ మనకు చిన్ననాటి నుండి తెలిసినవే. కాని ధర్మం తెరిచిన తలుపు గుండా సమాజం నడవలేదన్నది కూడా చరిత్రే. పదమూడు శతాబ్దాల తర్వాత కూడా ముస్లిం నౌకలలో, ముస్లిం ఇళ్ళలో బానిసలున్నారు. గ్రంథంలోని ధర్మాన్ని చూపి ఆచారంలోని అన్యాయాన్ని కప్పిపుచ్చడం ధర్మానికి మేలు చేయదు. ఆ ఇంటిని మ్యూజియం చేసినవారు బయటివారు కారు, ఖతరీలే. తమ తాతల ఇంటి తలుపు తామే తీసి చూపిన ఈ పని అభినందనీయం.

మన సీమకు ఈ కథతో సంబంధం లేదనుకొనరాదు. ఇథియోపియాలో పుట్టి, అరబ్బు సంతలలో చేతులు మారి, దక్కనుకు వచ్చి అహమద్‌నగర్ రాజ్యాన్ని నిలబెట్టి, 1626లో మరణించిన మలిక్ అంబర్ పేరు మన పాఠకులకు విదితమే. వనపర్తి సంగతి అంతగా తెలియదు. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు ఆఫ్రికా సంతతివారితో ఒక అశ్వికదళాన్ని పోషించారు. తర్వాత ఆ దళం నిజాం కొలువులో చేరింది. హైదరాబాదులో వారు నివసించిన పేట నేటికీ ఏ.సీ. గార్డ్స్. ఆ అక్షరాల వెనుక ఉన్నది ‘ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్స్’ అన్న పేరు. 1948 తర్వాత ఆ దళం రద్దయింది. బిన్ జల్మూద్ గృహం గోడల మీద గీసిన సముద్ర మార్గాల కొస ఒకటి వనపర్తి కోట దాకా వచ్చినదన్న మాట.

కంపెనీ గృహం, కఫీలు మాట

ముషైరిబ్‌లోని మరొక ఇల్లు కంపెనీ గృహం. ఒకప్పుడు చమురు కంపెనీ కార్యాలయం అది. దుఖాన్ వద్ద చమురు పడినది 1939-40లో. యుద్ధం వల్ల పని ఆగిపోయి, మొదటి ఓడ ఎగుమతికి బయలుదేరినది 1949 డిసెంబరు చివరిలో. ఆ బావుల వద్ద పనిచేసిన తొలితరం ఖతరీ కూలీల కథను ఈ ఇల్లు చెబుతుంది. ఎండలో నడక, కొత్త యంత్రాలు, కొత్త గడియారపు వేళలు, మొదటి జీతం. ఖతరీలు కూలీలుగా ఉన్న కాలం ఒకటి ఉన్నదని, అది మన తాతల కాలమేనని తెలిసి మా బృందంలోనివారు ఆశ్చర్యపడ్డారు.

ఇక్కడ ఒక మాట అర్థాన్ని విచారించవలసి ఉన్నది. మదర్సాలో చదివినవారికి ‘కఫాలా’ అనే మాట ఫిఖ్హ్ పాఠంలో తగులుతుంది. ‘హిదాయా’లో దానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కలదు. ఒకని బాధ్యతను మరొకడు తన భుజం మీద వేసుకోవడం కఫాలా; ఆ వేసుకున్నవాడు కఫీలు. తెలుగులో సరియైన మాట జామీనుదారు. ధర్మశాస్త్రంలో బరువు కఫీలు మీద పడుతుంది. గల్ఫ్ రాజ్యాల వలస కార్మికుల చట్టాలలో అదే మాటకు అర్థం తలకిందులైంది. అక్కడ కఫీలు చేతికి అధికారం వచ్చింది, బరువు కూలివాని మీద పడింది. పని మారడానికి కఫీలు ఒప్పుకోవాలి, దేశం వదలడానికీ అతడే ఒప్పుకోవాలి. మాట అదే, న్యాయం వేరు.

ఖతర్ 2018లో చాలామంది కార్మికులకు దేశం వదిలే అనుమతిపత్రం అవసరాన్ని తొలగించింది. 2020 జనవరిలో ఇంటి పనివారికి కూడా దానిని వర్తింపజేసింది. 2020 చట్టాలతో యజమాని అనుమతి లేకుండా పని మారే హక్కు ఇచ్చింది. 2021 మార్చి నుండి నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనం అమలులోకి వచ్చింది. తిండి, బస యజమాని సమకూర్చనిచో వాటికి 300, 500 రియాళ్ళు అదనం. 2022 ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీల సందర్భంలో లోకం దృష్టి ఈ విషయం మీద పడటం ఇందుకు ఒక కారణం. చట్టం మారినచోట ఆచారం వెంటనే మారదు. కాని చట్టం మారినదన్న సంగతే తెలియని కార్మికులు అనేకులు. అనువాదకులకు ఇక్కడ పని కలదు.

ద్వీపం మీది కళామందిరం

ముషైరిబ్ నుండి సముద్రపు ఒడ్డుకు వస్తే ఇస్లామీ కళల మ్యూజియం ఒక కృత్రిమ ద్వీపం మీద నిలబడి కనబడుతుంది. చైనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన వాస్తుశిల్పి ఐ.ఎం. పే తొంభై ఏళ్ళు దాటిన వయసులో, 2008లో, ఇది ప్రారంభమైంది. ఇస్లామీ నిర్మాణకళ సారం ఎక్కడున్నదని వెదకుతూ ఆయన స్పెయిన్ నుండి మన ఫతేపూర్ సిక్రీ వరకు చూసి, చివరకు కైరోలోని ఇబ్న్ తూలూన్ మసీదు ప్రాంగణంలోని పదమూడవ శతాబ్దపు వుజూ మంటపం వద్ద ఆగారు. చతురస్రం మీద అష్టభుజి, దాని మీద గుమ్మటం. మధ్యాహ్నపు ఎండ, నీడ వాటిపై చేసే పని. అదే ఈ కట్టడానికి మూలం. గొప్ప మసీదు గుమ్మటం కాక, వుజూ చేసుకునే చోటు మాదిరిగా తీసుకొనబడినదన్న సంగతి గమనించదగినది.

ఇక్కడ మన వారిని నిలబెట్టినది ఒక చిన్న వస్తువు: షాజహాన్ పేరుతో చెక్కిన జేడ్ రాతి తావీజు. గుండె దిగులు తగ్గడానికి మెడలో వేసుకునేది. దానిపై ఉన్న సంవత్సరం 1041 హిజ్రీ, అనగా 1631-32. 1631 జూన్‌లోనే బుర్హాన్‌పూర్‌లో ముంతాజ్ మహల్ మరణించింది. షాజహాన్ అక్కడ ఉన్నది దక్కను దండయాత్ర మీద. మన దక్కను రాజ్యాలను లోబరచుకొనడానికి వచ్చినవాని దుఃఖం గల్ఫ్ ద్వీపంలో గాజు పెట్టెలో ఉన్నది. కొనగలిగిన వానిదే కళాఖండం. ఈ మ్యూజియం చెప్పకుండా చెప్పే సత్యం ఇది. పాలకుని దిగులుకు రాతి తావీజు మిగిలింది. ఆ దండయాత్రకాలంలో దక్కనును, గుజరాతును పీల్చివేసిన 1630-32 కరువులో పోయినవారికి అటువంటి గుర్తు మిగలలేదు.

ముత్యపు లెక్క

జాతీయ మ్యూజియం 2019 మార్చిలో తెరువబడింది. ఫ్రెంచి వాస్తుశిల్పి జాన్ నూవెల్ దీనిని ‘ఎడారి గులాబి’ అనే స్ఫటికపు రాతి ఆకారంలో, షేఖ్ అబ్దుల్లా బిన్ జాసిం ఆల్ థానీ పాత భవనం చుట్టూ కట్టారు. ఇందులో ముత్యాల భాగం మన చరిత్రకు అతి సమీపమైనది.

భారత ప్రభుత్వపు ఉద్యోగి లోరిమర్ ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకంలో సేకరించిన వివరాల ప్రకారం, గల్ఫ్‌లో ముత్యాల వేటకు పోయే పడవలు సుమారు 4,500, వాటి మీది మనుషులు సుమారు 74,000. ఆనాటి ఖతర్ మొత్తం జనాభా ఆయన అంచనాలో 27,000 మాత్రమే. పెద్ద వేట ఎండాకాలం నాలుగు నెలలు సాగేది. మునిగేవానిని గవ్వాస్ అనేవారు, తాడు లాగేవాడు సైబ్, పడవ నాయకుడు నఖుదా. ముక్కుకు కొమ్ముతో చేసిన బిగింపు, కాలికి రాయి, మెడలో చిక్కం. ఊపిరి బిగబట్టి ఒక నిమిషం, నిమిషంన్నర. రోజుకు అనేక పర్యాయాలు. సాయంకాలం దాకా తిండి లేదు, తింటే మునగలేరు.

వేటకు పోయే ముందు గవ్వాస్‌కు ఇంటి ఖర్చులకు అడ్వాన్సు ఇచ్చేవారు. వేట లేని చలికాలంలో మరొక అడ్వాన్సు. ఇవి తరచు నగదుగా కాక బియ్యంగా, ఖర్జూరంగా, బట్టగా, బజారు ధరకన్న ఎక్కువ కట్టి ఇచ్చేవారు. వడ్డీ అన్న మాట నోట రాకుండా వడ్డీ వసూలయ్యేది. ముత్యాలు అమ్మిన తర్వాత పడవ ఖర్చులు, తిండి ఖర్చులు తీసివేసి మిగిలినది పంచేవారు. పంచినది పాత బాకీకి జమ. నఖుదా కూడా పై వర్తకునికి బాకీ, ఆ వర్తకుడు బొంబాయి షావుకారుకు బాకీ. బాకీ తీరని గవ్వాస్ మరొక పడవ ఎక్కరాదు. అతడు చనిపోతే ఆ బాకీ కొడుకు మీద పడేది.

ఇది తెలుగు చేసి చెబుతుండగా ఇటిక్యాల వైపు మేస్త్రీ పనివాడొకడు ఆపి అన్నాడు: “మౌల్సాబ్, ఇది మా గుంపు మేస్త్రీ లెక్కనే ఉంది గద! ముందుగాల అడ్వాన్సు ఇస్తడు. ఏడాది దాంక మన్ను మోస్తం. ఆఖర్కు లెక్క జూస్తే మల్ల మనమే బాకీ.” పక్కవాడు అందుకున్నాడు: “మా నాయిన బాకీ నేనే కడ్తి గదన్నా.”

దీనికి గైడు వద్ద జవాబు లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. కాని చరిత్ర విద్యార్థికి ఇంతకన్న గొప్ప వ్యాఖ్యానం దొరకదు. పాలమూరు లేబరు అన్న పేరు దేశమంతటా ఆనకట్టల మీద, కాలువల మీద వినబడింది. గుంపు మేస్త్రీ ఊరిలో అడ్వాన్సు పంచి, కుటుంబాలకు కుటుంబాలను తీసుకొనిపోయి, పైనున్న కంట్రాక్టరుకు అప్పజెప్పడం దాని పద్ధతి. నిజాం కాలపు తెలంగాణాలో అప్పుకు బదులు మనిషే చాకిరికి కుదిరే భగేలా ఉండేది. వెట్టిచాకిరి కార్మిక వ్యవస్థను దేశంలో రద్దుచేసిన చట్టం 1976 నాటిది. సముద్రపు అడుగున గవ్వాస్‌కు, కాలువ అడుగున పాలమూరు కూలికి జరిగినది ఒకే లెక్క. రెంటిలోను పని ముందు కాదు, అప్పు ముందు.

బహ్రెయిన్‌లో 1920లలో ఒక సంస్కరణ జరిగింది. ప్రతి గవ్వాస్‌కు లెక్క పుస్తకం ఇవ్వాలని, తండ్రి బాకీ కొడుకుకు చుట్టరాదని, అడ్వాన్సుకు హద్దు ఉండాలని నిర్ణయించారు. దానికి నఖుదాలు ఎదురు తిరగడంలో వింత లేదు. అడ్వాన్సు తగ్గినదని గవ్వాస్‌లు కూడా ఆందోళనకు దిగారు. 1932లో మనామాలో అది అల్లర్ల దాకా పోయింది. సంకెల తీస్తామంటే కూలివాడు ఎందుకు కోపగించాడు? ఆ సంకెలలోనే అతని పిల్లల చలికాలపు తిండి కూడా కట్టి ఉన్నది గనుక. అప్పును రద్దుచేసి, తిండికి వేరే దారి చూపని సంస్కరణ సగం సంస్కరణే. ఈ పాఠం మన దేశానికీ వర్తిస్తుంది.

చివరకు ఆ బాకీలను తుడిచివేసినది ధర్మమూ కాదు, చట్టమూ కాదు. 1920ల నుండి జపాను పెంపుడు ముత్యాలు బజారును ముంచెత్తాయి. 1929లో లోకమంతటా ఆర్థిక మాంద్యం వచ్చింది. ముత్యాలు కొనేవాడు లేక పడవలు ఒడ్డెక్కాయి. ఖతర్‌లో ఆ తర్వాతి ఏండ్లను ఆకలి ఏండ్లని చెప్పుకుంటారు, అనేకులు వలసపోయారు. నేడు లోకం నుండి కూలీలను పిలిచే ఆ దేశం తొంభై ఏండ్ల కిందట తన మనుషులను నిలుపుకోలేకపోయింది.

ఆ ముత్యాలలో మేలైనవి ఎక్కడికి పోయాయి? పారిస్‌కు, బొంబాయికి, హైదరాబాదుకు. మన పెద్దలు ‘బస్రా ముత్యాలు’ అన్నది గల్ఫ్ ముత్యాలనే. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం నగలలో ఏడుపేటల బస్రా ముత్యాల హారం ‘సత్‌లడా’ కలదు. పత్తర్‌గట్టీ బజారుకు ముత్యాల కీర్తి తెచ్చినదీ ఆ సముద్రమే. హైదరాబాదుకు, ముత్యానికి మరొక సంబంధం కూడా కలదు. అబూ రైహాన్ అల్‌బిరూనీ రత్నాలను గూర్చి వ్రాసిన ‘కితాబుల్ జమాహిర్’లో ముత్యాలకు పెద్ద అధ్యాయమున్నది. ఆ అరబ్బీ గ్రంథాన్ని తొలిసారి అచ్చువేసినది హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్, 1355 హిజ్రీలో. కనుక గల్ఫ్ ముత్యాన్ని మెడలో వేసుకున్నదీ, దానిని గూర్చిన విద్యను అచ్చువేసినదీ మన నగరమే. మునిగినవానికి ఆ రెంటిలోనూ పేరు లేదు.

పేరు ఎక్కడ మిగిలింది?

ఆ పేర్లు కొన్ని ఒకచోట మిగిలాయి. 1947 వరకు గల్ఫ్‌లోని బ్రిటిషు రెసిడెంటు భారత ప్రభుత్వానికి జవాబుదారీ. అతని కార్యాలయపు దస్త్రాలను ఖతర్ జాతీయ గ్రంథాలయం, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీతో కలిసి 2014 నుండి కంప్యూటరు మీద అందరికీ ఉచితంగా చదవనిస్తున్నది. వాటిలో పారిపోయి వచ్చిన బానిసల వాంగ్మూలాలున్నాయి. తన పేరు, పుట్టిన ఊరు, పట్టుకున్నవారెవరు, ఎన్ని చేతులు మారినదీ, ఎన్ని ఏండ్లు మునిగినదీ చెప్పి, విముక్తిపత్రం కోరుతాడు. ఒక్కొక్కటి కొద్ది పంక్తులే. వ్రాసుకున్నవాడు సామ్రాజ్యపు గుమాస్తా. ఐనను బిన్ జల్మూద్ గృహం వంటిది నిలబడగలిగినదంటే ఇటువంటి కాగితాలు చెడిపోకుండా మిగిలినందువల్లనే.

మన సీమ సంగతి చూద్దాం. శ్రీశైలం జలాశయంలో మునిగిపోనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయిరాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. అది మంచి పని. అలంపురంలో చాళుక్యుల శిల్పాలకు మ్యూజియం కలదు, గద్వాలకు కోట కలదు, వనపర్తికి రాజభవనం కలదు. ఆనకట్టలకు మట్టి మోసినవారికీ, గల్ఫ్ పోయి మేడలు లేపినవారికీ ఒక అలమర కూడా లేదు. ఇటిక్యాల మనిషి దోహా మ్యూజియంలో తన తండ్రి చరిత్రను గుర్తించవలసి వచ్చినదంటే అది దోహా గొప్పతనమొక్కటే కాదు, మన లోటు కూడా.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. నేడు గల్ఫ్ కూలివాని బాకీ చాలావరకు దోహాలో పుట్టడం లేదు, మన ఊళ్ళోనే పుడుతున్నది. ఏజెంటుకు ఇవ్వడానికి నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు అది. 1983 వలస చట్టం ఏజెంట్లకు లైసెన్సు ఉండాలని నిర్ణయించింది. వారి రుసుముకు హద్దు పెట్టే నియమాలున్నాయి. అయినా ఆ అప్పు ఆగలేదు. ఆ వడ్డీ తీసుకునేవారిలో మనవారు లేరని ఎవరూ చెప్పలేరు. కఫీలును తప్పుపట్టే ముందు ఊరి షావుకారును, మధ్యవర్తిని అడగవలసిన ప్రశ్నలున్నాయి. ఒక మహల్లా జమాఅతు తన జకాత్, సదఖాల నుండి ప్రయాణానికి వడ్డీలేని ఖర్జె హసనా ఇప్పించగలిగితే ఒక మనిషి మొదటి రెండేళ్ళ చెమట అతనికే దక్కుతుంది. మెడ విడిపించే పద్దు జకాత్‌లో ఎందుకున్నదో అప్పుడు అర్థమవుతుంది.

రెండవ పని కాగితాలది. ఇంటింటా పెట్టె అడుగున పాత పాస్‌పోర్టులు, కరారు పత్రాలు, ఏజెంట్ల రసీదులు, గుంపు మేస్త్రీ చిట్టాలు, ఉత్తరాలు, 1980లలో మాట నింపి పంపిన క్యాసెట్లు ఉన్నాయి. కరారు పత్రాలు అనేకం అరబ్బీలో ఉన్నందున సంతకం చేసినవాడే వాటిని చదవలేదు. మన మదర్సాలలో అరబ్బీ చదివిన యువకులు జిల్లాకు వందలమంది ఉన్నారు. వారికి ఇంతకన్న పనికివచ్చే అనువాదాభ్యాసం వేరే లేదు. ఊరికి పదిళ్ళ కాగితాలు పోగుచేసి, నకళ్ళు తీసి, తెలుగు చేసి ఒకచోట ఉంచితే, గద్వాలలోనో, వనపర్తిలోనో ఒక గది చాలును. బాకీ, వసూలు, వాయిదా, జామీను అన్న మాటలు వాటిలో ఎట్లాగూ ఉంటాయి. వాటి పక్కన మనుషుల పేర్లు కూడా ఉన్నాయి. చెదలు ముందుగా చేరకూడదు.